పన్నెండో ఊరి గీత

శనివారం పొద్దున పది గంటలకు రాబర్ట్‌సన్‌పేటలో ఆంజనప్ప ఆఫీసుకు ఒక ఆడమనిషి వచ్చింది. చెప్పులు మెట్ల దగ్గరే విడిచింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. చేతిలో మడత పెట్టిన కాగితం ఉంది.

ఆంజనప్ప ప్రైవేటు డిటెక్టివ్. బంగారు గని మూసేదాకా అక్కడి దీపాల గదిలో, లోపలికి దిగేవాళ్ళకు దీపాలిచ్చే పని చేశాడు. తర్వాత ఈ పనిలోకి వచ్చాడు. మాట తక్కువ. ప్రేమ ఆయన సహాయకురాలు. ఎనిమిదేళ్ళుగా ఆయన పక్కన నోటుబుక్కు పట్టుకుని తిరుగుతోంది. ఆయన చూసిందే తానూ చూస్తుంది. ఆయనకు తెలిసింది మాత్రం తనకు తెలియదు. అందుకే ఆయనంటే అంత గౌరవం.

వచ్చినామె పేరు గురువమ్మ. క్యాసంబళ్ళి దగ్గర ఒక పల్లెలో పాలు పట్టే కేంద్రం చూసుకుంటుంది. పద్నాలుగేళ్ళ పని. ఊరి పాలు మిషన్లో పెట్టి వెన్న ఎంత శాతం ఉందో చూస్తుంది. ఆ అంకె కంప్యూటర్లో ఎక్కిస్తుంది. అది వేమగల్‌లో ఉన్న పాల సంఘం ఆఫీసులో తెలుస్తుంది. ఏప్రిల్ నుంచి సంఘంవాళ్ళు ఊరికొక గీత గీసి కాగితం మీద తీస్తున్నారు. పన్నెండు ఊళ్ళకు పన్నెండు కాగితాలు. పదకొండు ఊళ్ళ గీతలు బాగున్నాయి. ఈమె ఊరి గీత మాత్రం బాగా కింద ఉంది. పాలలో నీళ్ళు కలుపుతోందని అంటున్నారు. గురువారం మీటింగులో ఆమెను పనిలోంచి తీసేస్తారు. ఇదంతా ఆమె ఏడవకుండా, గోడ వైపు చూస్తూ చెప్పింది.

"కలిపినావా?" అని ఆంజనప్ప అడిగాడు.

"లేదప్పా."

"పని పోతాదని భయమా?"

"పని పోతే పోనీ. ఊళ్ళో నన్ను నీళ్ళమ్మ అంటా ఉండారు. పాలు పోసే పిల్లమ్మ పెట్టింది ఆ పేరు. నేను సచ్చినా ఆ పేరు సావదు. అది పోవాల."

ఆంజనప్ప ఆమె తెచ్చిన ఏప్రిల్ నెల కాగితం తీసుకుని విప్పాడు. నాలుగు చుక్కలు, వాటిని కలిపే నీలం గీత. అన్నీ మూడు పాయింటు ఆరు దగ్గరే ఉన్నాయి. అంతకుముందు ఎంత ఉండేదని అడిగాడు. నాలుగు పాయింటు రెండు, అటూ ఇటూ అంది గురువమ్మ. మిషన్లో ఇప్పటికీ అదే వస్తోందని, అదే ఎక్కిస్తున్నానని చెప్పింది. ఆఫీసులో ఎవరూ ఆ అంకెలు చూడరట. గీతే చూస్తారట.

సోమవారం పొద్దున ఆంజనప్ప, ప్రేమ బస్సు దిగి ఆ పల్లెకు నడిచారు. పాల కేంద్రానికి తాళం వేసి ఉంది. గురువమ్మ పారిపోయిందేమోనని ప్రేమ అనుకుంది. కానీ ఆమె ఇంటి వెనక క్యాన్లు కడుగుతోంది. ఏ పెరట్లో చూసినా దూడలు విప్పి ఉన్నాయి. తల్లుల దగ్గర పాలు తాగుతున్నాయి. వాటిని ఎవరూ లాగడం లేదు. ఆంజనప్ప చాలాసేపు నిలబడి చూశాడు.

పిల్లమ్మ తన వాకిట్లో రాగులు చెరుగుతోంది. నాలుగు ఆవులున్న మనిషి. గొంతు పెద్దది.

"గురువమ్మ నీళ్ళు పోసేది నువ్వు చూసినావా అమ్మా?"

"చూసేదేముండాది సామీ. కంప్యూటరే చెప్తా ఉండాది కదా. అదేమన్నా మనిషా, అబద్ధం చెప్పేదానికి?"

"ఈ పొద్దు పాలు పోయలేదే?"

పిల్లమ్మ ఆయన్ని వింతగా చూసింది. "సోమవారం సామీ. సోమవారం పాలు దూడలకే. మా పెద్దోళ్ళు ఆంధ్రా నుంచి వచ్చినప్పట్నుంచీ ఇంతే. నువ్వు యాడోడివి?"

ఆంజనప్ప నవ్వలేదు. తిరుగు బస్సు ఎక్కాడు.

మంగళవారం వేమగల్ వెళ్ళారు. సంఘం మేనేజరు ఉమాదేవి ఆరు నెలల కింద మాలూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వదిలి వచ్చింది. ఆ పల్లెకు ఇంకా పోలేదని ఒప్పుకుంది. కంప్యూటర్ పని హేమంత్‌ది. ముప్పై ఏళ్ళవాడు, ఇస్త్రీ చొక్కా.

ఆ గీతలు ఎలా వస్తాయని ఆంజనప్ప అడిగాడు. హేమంత్ ఉత్సాహంగా చెప్పాడు. అంకెలన్నీ వెబ్‌లో ఒక చోట చేరతాయి. వాటిని రిపోర్టుగా, గీతగా మార్చడానికి వేరే టూలు, అంటే ఇంకో కంప్యూటర్ ప్రోగ్రాము కావాలి. ఒక నెలపాటు మూడు టూల్స్ తెచ్చి, అవే అంకెలతో నడిపి చూశాడు. మొదటిది నిదానం. రెండోదానిలో గీతలు అక్కడక్కడ తెగిపోతున్నాయి. చూడ్డానికి అసహ్యం. మూడోదానిలో గీత తెగదు. రంగులు కూడా బాగుంటాయి. మీటింగులో అందరికీ అదే నచ్చింది.

"ఎంచింది ఎవరు?"

"నేనే సార్."

ఆంజనప్ప పన్నెండు కాగితాలూ అడిగి తీసుకుని బల్ల మీద పరిచాడు. ప్రేమకు అన్నీ ఒకేలా కనిపించాయి.

"చుక్కలు లెక్కపెట్టు ప్రేమమ్మా," అన్నాడు.

ఆమె లెక్కపెట్టింది. పదకొండు కాగితాల మీద ముప్పై చుక్కలు, రోజుకొకటి. గురువమ్మ ఊరిది మాత్రం నాలుగే. వారానికొకటి.

"ఇదొక్కటే వారాల గీత ఎందుకప్పా?" అని ఆంజనప్ప హేమంత్‌ను అడిగాడు.

"సుమ్నే, ఊరికే పెట్టినా సార్. చూసేదానికి బాగుంటాదని."

మర్నాడు మధ్యాహ్నం ఆంజనప్ప అందరినీ సంఘం ఆఫీసు గదిలో కూర్చోబెట్టాడు. ఉమాదేవి, హేమంత్, సంఘం ప్రెసిడెంటు చిక్కవెంకటప్ప. గురువమ్మ తలుపు దగ్గర నిలబడింది. ఆమె పక్కనే ప్రేమ. గోడ మీద పెద్ద తెర ఉంది.

"గురువమ్మ నీళ్ళు కలపలేదు," అన్నాడు ఆంజనప్ప. "ఆ ఊళ్ళో సోమవారం పాలు పోయరు. ఆ రోజు గడి ఖాళీగా ఉంటాది. ఈ టూలు ఖాళీని సున్నా అనుకుంటాది. ఆరు రోజుల వెన్న అంకెల్ని ఏడు రోజులకు పంచుతాది. నాలుగు రెండును ఆరుతో గుణించి ఏడుతో భాగించండి."

ఉమాదేవి ఫోనులో లెక్క వేసింది. మూడు ఆరు వచ్చింది. ఆమె ఫోను బల్ల మీద బోర్లించింది.

"నేను దీపాల గదిలో ఉండినాను. కొక్కేనికి దీపం ఉండాదంటే ఆ మనిషి ఆ పొద్దు గనిలోకి దిగలేదని అర్థం. దిగనోణ్ణి సచ్చినోళ్ళ పట్టీలో రాయము."

చిక్కవెంకటప్ప గొంతు సవరించుకున్నాడు. సోమవారం సంగతి తనకు తెలుసన్నాడు. గీత చదవడమే రాదన్నాడు. చదివిన మేనేజరమ్మకు సోమవారం తెలియదని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"అయితే ఇది పొరపాటే కదా?" అని ఉమాదేవి అడిగింది.

"మొదట పొరపాటే. తర్వాత కాదు. రోజుల గీత గీస్తే సోమవారం సోమవారం కిందికి పడిపోతాది. చూసిన ఎవురైనా అడుగుతారు. అందుకే ఈ ఒక్క ఊరికే వారాల గీత పెట్టినారు. తెలిసినోడే ఆ పని చేస్తాడు. హేమంతూ, ఏప్రిల్ అంకెల్ని రోజుల గీత చెయ్యి."

హేమంత్ కదలలేదు. ఉమాదేవే లేచి మార్చింది. తెర మీద గీత నాలుగు చోట్ల అడుగుకు పడి మళ్ళీ లేచింది. తర్వాత అవే అంకెల్ని వద్దన్న రెండో టూల్‌లో చూపించింది. గీత నాలుగు చోట్ల తెగింది. మిగతాదంతా నాలుగు రెండు దగ్గరే నడిచింది.

ఎప్పుడు తెలిసిందని ఆంజనప్ప అడిగాడు.

"రెండో వారమే," అన్నాడు హేమంత్.

"చెప్పలేదేమి?"

"టూలు నేనే ఎంచినా సార్. ఆ మీటింగులోనే నన్ను పర్మనెంట్ చేసినారు. నలభై రిపోర్టులు దానిలోనే కట్టినా."

"సరి చేసే దారి లేదా దానిలో?" అని ఉమాదేవి అడిగింది.

"ఉండాది మేడమ్. ఒక టిక్కు తీస్తే చాలు. అప్పుడు గీత తెగతాది." తెర మీద తెగిన గీత చూపించాడు. "గీత తెగదనే కదా దాన్ని తీసుకున్నాము."

ప్రేమ నోటుబుక్కులో ఆ మాట రాసుకుంది. అప్పుడు పెన్ను కొంచెం ఆగింది.

హేమంత్‌ను ఏం చేయాలో గురువారం తేలుస్తామని ఉమాదేవి చెప్పింది. గురువమ్మ పని ఆమెదేనని, కొత్త గీతతో కాగితం ఒకటి ఊరికి పంపుతామని చెప్పింది. గురువమ్మ తల అడ్డంగా ఊపింది.

"మా ఊళ్ళో కాగితం ఎవురు చదవతారమ్మా? మొదట మీరు కాగితం పంపినంక నోటితోనే కదా నన్ను నీళ్ళమ్మ అన్నారు. ఆ గీత గీసిన ఆయప్పే వచ్చి నోటితోనే చెప్పాల."

సాయంకాలం సంఘం జీపులో పోయారు. కేంద్రం ముందు ఆడవాళ్ళు క్యాన్లతో వరసగా నిలబడి ఉన్నారు. హేమంత్ ఆ వరస ముందు నిలబడి తాను చేసింది చెప్పాడు. గొంతు లేవలేదు. వెనకున్నవాళ్ళకు వినబడలేదని ఒకామె అంటే మళ్ళీ మొదట్నుంచి చెప్పాడు. చెప్పి జీపులోకి పోయి కూర్చున్నాడు.

గురువమ్మ తాళం తీసి మిషను ముందు కూర్చుంది. వరసలో ముందున్నది పిల్లమ్మ. ఆమె క్యాను దించలేదు.

"ఆ కంప్యూటర్ మాట మేమూ నమ్మినాము కదమ్మా," అంది పిల్లమ్మ.

గురువమ్మ ఆమె ముఖం చూడలేదు.

"క్యాను ముందుకి జరుపు," అంది. "వెనకాల జనం నిలబడుకోని ఉండారు."