నాలుగు సెకన్ల నక్షత్రం

"ఇదంతా ఏంటి? కాపురం పెట్టడానికొచ్చావా?"

కొండ మీద కారు డిక్కీ తెరిచానో లేదో, ల్యాబ్ మేడం వేసిన మొదటి ప్రశ్న అది. నా ముఖం ఎర్రబడింది. చీకటి కాబట్టి బతికిపోయాను.

"మీరు పంపిన లిస్టే కదండీ. చాప, రెండు దుప్పట్లు, వాలుకుర్చీలు, ఫ్లాస్కులో టీ, మంకీ క్యాపులు, దోమల క్రీము, ఎర్ర కాగితం చుట్టిన టార్చి..."

"దిండ్లు లేవు లిస్టులో."

"పైకి చూసి చూసి మెడ పట్టేస్తుందని..."

"నాలుగు దిండ్లా? ఎన్ని మెడలున్నాయి నీకు?"

నాకు కళ్లజోళ్ల షాపుంది. ఆవిడ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్. ఏడాది కిందట ఫ్రేము వంకరగా బిగించానని నలుగురి ముందూ నన్ను దులిపేసింది. అప్పట్నుంచీ ఆ తిట్ల కోసమే ఎదురుచూసే స్థితికి వచ్చాను. పోయిన వారం ధైర్యం చేసి పెళ్లి మాటెత్తితే, "శనివారం రాత్రి కొండ మీదకి రా. నా పనయ్యాక జవాబు చెప్తా" అంది.

ఆ పనేమిటంటే, రెండు గంటల పదిహేడు నిమిషాలకు ఆకాశంలో తిరిగే ఒక రాయి ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందట. నాలుగే నాలుగు సెకన్లు చుక్క మాయమవుతుందట. ఆవిడ తెచ్చిన కాలేజీ టెలిస్కోపులో చూసి, ఆ టైము సరిగ్గా రాసి శాస్త్రజ్ఞులకు పంపితే రాయి ఎంత పెద్దదో లెక్క తేలుతుందట.

"ఇలాంటివి ఇప్పటికే రెండు చేజారాయి. ఒకసారి మబ్బు, ఒకసారి జ్వరం. ఇదీ పోయిందంటే నేనింక ఆకాశం వైపు తలెత్తను" అంది.

ఒంటిగంట యాభైకి, నోట్‌బుక్కు మర్చిపోయానంటూ కింద మలుపులో ఆపిన తన కారు దగ్గరకు బయల్దేరింది. "టెలిస్కోపు మీద కన్నేసి ఉంచు. చెయ్యి మాత్రం వెయ్యకు."

వెయ్యకూడదనే అనుకున్నాను. కానీ దాని ముందు గాజు మీద మంచు పట్టి మసగ్గా కనిపించింది. తొమ్మిదేళ్లుగా రోజుకు వంద అద్దాలు తుడిచిన చెయ్యి నాది. మసక గాజు కనిపిస్తే ఊరుకోదు. జేబులో గుడ్డ ఎప్పుడు తీశానో, ఎప్పుడు తుడిచానో నాకే తెలియదు. సన్నగా ఒక చప్పుడు మాత్రం వినిపించింది.

ఇసుక నలుసు గాజును గీసిన చప్పుడు అది. ఆ చప్పుడు నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది? టార్చి వేసి చూశాను. వెంట్రుకంత గీత.

దిగువన ఆవిడ అడుగుల చప్పుడు. చెప్పకపోతే? చీకట్లో గీత ఎవరికి కనబడుతుంది? రేపు కనబడినా, అది కాలేజీ వస్తువు, ఎన్ని చేతులు మారిందో! చెప్పానా, 'వద్దు' అనే జవాబు ఈ రాత్రే. ఏడాది ప్రేమ గంగలో కలిసినట్టే.

"ఏంటలా బిగుసుకుపోయావ్? చలా?"

"మేడం... నేను గాజు తుడిచాను."

"ఏ గాజు?"

"ముందు గాజు. మంచు పట్టిందని. గీత పడింది."

ఆవిడ నా చేతిలో టార్చి లాక్కుని గాజు మీద వేసి చూసింది.

"నీకు బుద్ధుందా?"

"లేదండీ."

"నా సంతకం పెట్టి తెచ్చాను దీన్ని! నోర్మూసుకుని కూర్చో."

కూర్చున్నాను. ఆవిడ వంగి చూసింది. మర తిప్పింది. మళ్లీ చూసింది. నేను ఊపిరి కూడా చప్పుడు కాకుండా పీల్చాను.

"చుక్క కనిపిస్తోందా?"

"నోర్మూసుకోమన్నానా?" మర ఇంకాస్త తిప్పి, "చుట్టూ పొగలా ఉంది. కానీ ఉంది. వాచీ తీసుకో. సెకన్లు గట్టిగా చదువు. గొంతు వణికిందంటే ఇక్కణ్నుంచి తోసేస్తా."

చదివాను. రెండూ పదిహేడు దాటింది. "తొమ్మిది... పది... పదకొండు..."

"పోయింది!"

"పన్నెండు... పదమూడు... పద్నాలుగు... పదిహేను..."

"వచ్చింది!"

అంకెలు రాసుకుని ఆవిడ చాప మీద కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. దగ్గరకు వెళ్లడానికి నాకు మొహం చెల్లలేదు. దుప్పట్లు మడవడం మొదలుపెట్టాను.

"సోమవారం నేనొచ్చి మీ సార్‌తో చెప్తానండీ, తప్పు నాదని."

"రావాల్సిందే. ఇప్పుడెక్కడికి?"

"జవాబు అర్థమైంది కదా మేడం."

"నేను చెప్పకుండానే?" నా చేతిలో దుప్పటి కొసను పట్టి ఆపింది. "నువ్వు చెప్పకపోతే ఆ గీత నీ పనేనని నాకు ఎప్పటికైనా తెలిసేదా?"

"లేదు."

"మరెందుకు చెప్పావ్?"

"గీత చూసి, మీరే ఎక్కడో తగిలించారనుకుని మిమ్మల్ని మీరే తిట్టుకుంటారు. అది తెలిసీ మీ పక్కన కూర్చోవడం నావల్ల కాదండీ."

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది.

"వచ్చే ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా. నాన్నతో నేను మాట్లాడతా."

"అంటే..."

"అంటే ఏంటి, అంటే! నాకింకా కోపం తగ్గలేదు. పెళ్లయ్యాక కూడా తగ్గదు."

నేను దుప్పటి మళ్లీ పరిచాను.