ఎనిమిది దాటాక

"నన్ను చంపుదామనుకున్నావా?"

పియానో మూత మీద చెయ్యి వేసి ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట అది. పేరు మైలెన్, ఊరు బరకోవా. ఆరు వారాల వేసవి బాలే శిక్షణకు తూర్పు జిల్లాల నుంచి హవానా వచ్చిన పన్నెండు మందిలో ఒకతె. నేను లివాన్‌ని, ఆ క్లాసుకు పియానో వాయించేవాణ్ణి.

తప్పు నాదే. ఒంటికాలి బొటనవేలి కొసన ఎనిమిది లెక్కలు నిలబడాలి. తొమ్మిదికి నేను స్వరం మార్చగానే దిగాలి. పియానో చెప్పేదాకా దిగకూడదని మా దగ్గర రూలు. మైలెన్ నిలబడింది. నేను ఆమెను చూస్తూ తొమ్మిది సంగతే మర్చిపోయాను. పది, పదిహేను, ఇరవై. ఆ పిల్ల దిగలేదు. మనిషి ఒళ్ళు అంత నిశ్చలంగా ఉండగలదని అంతవరకు నాకు తెలియదు. చర్చిలో కూడా నాకెప్పుడూ అలా రోమాలు నిక్కబొడుచుకోలేదు.

"మర్చిపోయాను," అన్నాను.

"స్వరం మార్చడమా? తిండి తినడం కూడా మర్చిపోతావా?"

"ఇందాకటి నుంచి ఆకలి కూడా వెయ్యట్లేదు."

నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరుక్కుంది. "హవానా అబ్బాయిలకు నోరే ఆస్తి అని మా అమ్మ ముందే చెప్పింది," అని వెళ్ళిపోయింది.

జూలైలో రోజూ మూడింటికి వాన. రేకుల కప్పు మీద ఆ మోతకు పియానో వినపడదు కాబట్టి క్లాసు ఆగేది. అందరూ వరండాలో కూర్చునేవాళ్ళు. మైలెన్ తాటాకు పొట్లం విప్పి, ఊరి నుంచి తెచ్చుకున్న కొబ్బరి మిఠాయి నాకింత పెట్టేది.

"చివరి పరీక్షయ్యాక ఇక్కడి నాట్యబృందంలో చోటు ఒక్కరికే," అంది ఒకరోజు. "నాకు రాకపోతే మా పిన్ని హోటల్లో దుప్పట్లు మార్చుకుంటూ బతకాలి. పందొమ్మిదేళ్ళొచ్చాయి, ఇంకెవరు పిలుస్తారు?"

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. మర్నాటి నుంచి ఆమె తిరగబోయే ముందు రవ్వంత నెమ్మదించేవాణ్ణి. ఆమె నిలదొక్కుకునేదాకా స్వరాన్ని సాగదీసేవాణ్ణి. ఎవరికీ తెలియదనుకున్నాను. క్లాసు నడిపే ఎనేయిదా టీచర్‌కి డెబ్బై రెండేళ్ళు, చూపు మందగించింది గాని చెవులు పాము చెవులు.

పరీక్షకు నాలుగు రోజుల ముందు ఆవిడ మడత విసనకర్ర మూసి, అందరి ముందూ అంది: "అమ్మాయీ, నాట్యం చేస్తున్నది పియానో. నువ్వు దానికి చేరగిలబడ్డావు, అంతే."

మైలెన్ ముఖం పాలిపోయింది. ఆ రోజు వాన వేళ వరండాలో నా దగ్గరికి వచ్చి నిలబడింది, పొట్లం లేకుండా.

"నామీద జాలి పడమని అడిగానా?"

"జాలి కాదు."

"ఏదైతేనేం. నాది కానిది నా కాళ్ళకి కట్టావు. పరీక్షలో కాగితం మీద ఉన్నట్టు వాయించు. వెంట్రుకవాసి ఆగినా జన్మలో నీ మొహం చూడను."

పరీక్ష రోజు ఆమెది ఆఖరి వంతు. వేలి కొస మీదికి లేచింది. ఆరో లెక్కకు చీలమండ వణికింది. ఒక్క క్షణం ఆగితే చాలు, నిలదొక్కుకుంటుంది. వేళ్ళు ఆగమని బతిమాలాయి. పళ్ళు బిగించి ఏడు, ఎనిమిది వాయించాను. తొమ్మిదికి స్వరం మార్చేశాను.

మైలెన్ దిగలేదు.

పాట ఆమెను దాటి వెళ్ళిపోతోంది. వణుకు ఆగింది. రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది, తొందరేం లేదన్నట్టు. టీచర్ విసనకర్ర ఆగిపోయింది. గోడవారనున్న పదకొండు మందీ ఊపిరి బిగబట్టారు. నేను కాగితం ప్రకారమే వాయిస్తున్నాను, కళ్ళలో నీళ్ళు మాత్రం నా మాట వినలేదు. తనకు దిగాలనిపించినప్పుడు దిగి, రెండే అంగల్లో పాటను అందుకుంది. ఇంత గొప్పదానికి నేను సాయం చేయబోయానా అని సిగ్గేసింది.

"మైలెన్ ఉంటుంది," అంది టీచర్. తర్వాత నా వైపు తిరిగి, "చివరి వందనానికి వాయించు నాయనా," అంది.

నా చేతులు కదలలేదు.

"ఏమైంది?"

"నాకు మైలెన్ అంటే ప్రేమ, టీచర్."

"అది జూలై మొదటి రోజు నుంచీ తెలుసు. వాయించు."

అమ్మాయిలంతా గొల్లున నవ్వారు. నేను తలెత్తలేకపోయాను. మైలెన్ మెడ మీద చెమట తుడుచుకుంటూ వచ్చి, నా బల్ల మీదే పక్కన కూర్చుంది. నా చేతిని తీసి పియానో మెట్ల మీద పెట్టింది.

"వాయించు," అంది. "నేనెక్కడికీ పోవడం లేదు."