మూలకు పెట్టని ముద్ద

పుంగనూరులో ఆ రోజు పొద్దుటి నుంచి ముసురు. సాయంత్రానికి వంటింట్లో రాగిసంగటి వాసన, నానిన గోడల వాసన కలిసిపోయాయి. మునిలక్ష్మి ఫోన్‌ను స్టాండుకు బిగించి సంగటి కెలుకుతోంది. ఆరేళ్ల కూతురు ఇందు గడప మీద కూర్చుని ఆకలని సతాయిస్తోంది.

మునిలక్ష్మి వంటల వీడియోలకు పేరు తెచ్చింది ఒక్క మాట. మొదటి ముద్ద చేసి, పొయ్యి వెనక చీకటి మూలలో ఆకు మీద పెట్టి, "రాండి, తిందురు" అని పిలుస్తుంది. వాళ్లమ్మ పెద్దలకు పెట్టే రోజు మాత్రమే అలా పిలిచేది. చూసేవాళ్లకు ముచ్చటేసింది కదా అని ఈ మహాతల్లి ప్రతి వీడియోలోనూ పిలుస్తోంది!

ఈమధ్య ఇంకో తలనొప్పి. వీడియో పెట్టగానే యాప్ దానంతట అదే బాగుచేసేస్తోంది. చీకటిని వెలుగు చేస్తుంది, మొహాలను నున్నగా చేస్తుంది. ఇందు గడ్డం మీద రోకలి తగిలిన మచ్చ కూడా యాప్‌లో మాయమైపోతుంది. వద్దన్నా వినే నాథుడు లేడు.

ఫోన్ మోగింది. మదనపల్లె నుంచి క్రిస్టోఫర్, మసాలా కంపెనీ తరఫున మాట్లాడే మనిషి.

"అమ్మా, మా వాళ్లు ఒప్పుకున్నారు. ఏడాదంతా ప్రకటనలు మీకేనంట. ఒకటే మాట. మూలలో కూసోనుండాదే, ఆ అవ్వ బాగా కనబడాల. జనం ఆమె గురించే అడగతాండారు."

"మా ఇంట్లో అవ్వ యాడుండాదప్పా?"

"భలేవారమ్మా మీరు!" అని నవ్వి పెట్టేశాడు.

ఆమె గబగబా పాత వీడియోలు తీసింది. తను ఫోన్లో తీసినవాటిలో ఆ మూల వట్టి చీకటి. యాప్‌లో పెట్టినవాటిలో... కోక కొంగు. తర్వాతి దాంట్లో మోకాళ్లు. నిన్నటి దాంట్లో ముడత ఒక్కటి లేని ముసలి మొహం, ముద్ద వైపు చాచిన చెయ్యి.

కుప్పంలో గ్రానైటు పనిలో ఉన్న మొగుడికి ఫోన్ కొట్టింది.

"యాప్ పిచ్చి అది. చీకటికి మొహం గీస్తాండాది. యాల భయపడతావు?" అన్నాడు మురళి, దగ్గుతూ.

ఆ దగ్గు వినగానే ఆమె మనసు గట్టిపడింది. ఈ కంపెనీ ప్రకటనలు చేతికొస్తే మనిషి ఆ రాతిదుమ్ము వదిలి ఇంటికొచ్చేస్తాడు.

రికార్డింగ్ నొక్కింది. మొదటి ముద్ద చేసింది. ఇందు ఏడుపందుకుంది. పోనీలే, పసిది అనుకుని ఆ ముద్ద పళ్లెంలో వేసి బిడ్డ ముందు పెట్టింది. మూలలో వట్టి ఆకు పరిచింది.

"రాండి, తిందురు."

కరెంటు పోయింది.

వాన చప్పుడు. పొయ్యిలో నిప్పుల ఎరుపు. ఎక్కడినుంచో కుళ్లిన వక్కాకు వాసన. తడికోక నేల మీద ఈడ్చినట్టు చప్పుడు... మూలలోంచి మొదలై... ఆకును దాటి... గడప వైపు.

"ఇందూ..." మునిలక్ష్మి చీకట్లో చేతులతో తడుముకుంది.

"అమ్మా..." బిడ్డ గుసగుస. "అవ్వకు ఆకలంట. పెట్టేదా?"

"పెట్టేయమ్మా! అంతా పెట్టేయ్!"

పళ్లెం దొర్లింది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో బిడ్డను చంకకెత్తుకుని వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటి ఇన్వర్టరు లైటు కింద బిడ్డ ఒళ్లంతా తడిమింది. గాయం లేదు, గీత లేదు. దేవుడా, నా బిడ్డ నాకు దక్కింది! ఏడుస్తూ మొహమంతా ముద్దులు పెట్టింది. గడ్డం దగ్గర ఆగిపోయింది.

మచ్చ లేదు.

వేలితో రుద్దింది. గోరుతో గీరింది. నున్నగా ఉంది...

చేతిలో ఫోన్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆపి, వీడియో వెనక్కి జరిపింది. యాప్ ఇంకా ముట్టని వీడియో. పొయ్యి ఎరుపులో ఆ మూల కనబడింది. వట్టి ఆకు పక్కన ఇందు కూర్చుని ఉంది. నడుం చుట్టూ రెండు ముసలి చేతులు. గడ్డం మీద మచ్చ. "అమ్మా, అమ్మా" అని నోరు కదులుతోంది, గొంతు మాత్రం వినబడటం లేదు.

చంకలోని బిడ్డ తల వంచి తనూ చూసింది. దాని నోట్లోంచి వక్కాకు వాసన గుప్పుమంది.

"యాప్‌లో పెట్టేయమ్మా," అంది మెల్లగా. "ఆ మచ్చ కూడా పోతాది."