గడ్డిబొమ్మ కాల్చిన మర్నాడు

లైట్లు ఆర్పేశాడు స్టీఫెన్.

చీకటి!

కారు మాత్రం ఆగడం లేదు. ఎనభైలో పోతోంది.

వెనక సీట్లో వీరలక్ష్మి సూట్‌కేసుని రెండు చేతులా వాటేసుకుని కూర్చుంది. డిక్కీలో పెడతానంటే ఇవ్వలేదు. గన్నవరం ఎయిర్‌పోర్టు గేటు దాటినప్పట్నుంచీ అది ఆమె ఒళ్ళోనే ఉంది.

"లైటెయ్యన్నా!"

"వేస్తే వాళ్ళకి కనిపిస్తామమ్మా."

"వెయ్యకపోతే కాలవలో పడతాం!"

"పడితే మీకేం, సముద్రం ఒడ్డు మనుషులు. ఈత రానిది నాకే."

ఆమె నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసింది.

రెండు లైట్లు... తెల్లగా... అర కిలోమీటరు దూరంలో.

నల్ల బొలెరో. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లోనే చూసింది దాన్ని. డ్రైవర్ సీట్లోవాడు ఫోన్ చెవికి పెట్టుకుని తన సూట్‌కేసు వంకే చూశాడు. తన మొహం వంక కాదు. సూట్‌కేసు వంక!

టైం ఏడున్నర. డిసెంబరు నెల. కోసిన చేల మీద అప్పుడే మంచు దిగుతోంది.

తొమ్మిదింటికల్లా బందరు చేరాలి. కోనేరు సెంటర్ దగ్గర హోటల్. రూమ్ నంబరు 303. రేపు పదిన్నరకి జిల్లా కోర్టులో సాక్ష్యం.

సూట్‌కేసులో రెండు చీరలు, ఒక దుప్పటి. అడుగున ప్లాస్టిక్ కవరు. కవర్లో ఆసుపత్రి ఓపీ చీటీ.

ఆ చీటీ కోర్టుకి చేరితే బోటు ఓనరు గణపతి జైలుకి పోతాడు. చేరకపోతే ఆమె తమ్ముడు అయ్యప్ప సముద్రంలోనే పోయినట్టు. ఎప్పటికీ అంతే.

ఫోన్ మోగింది.

గంగాధరరావు. ఆమె మొగుడు. మొన్నే గుజరాత్ నుంచి రైల్లో వచ్చి హోటల్లో దిగాడు.

"ఎక్కడున్నావే?"

"హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ రోడ్డెక్కాం మావా. వెనక ఎవరో తరుముతున్నారు!"

"ఉయ్యూరు మీదుగా కదా రమ్మన్నాను!"

"డ్రైవరన్న ఇటు తిప్పాడు."

"సరే... భయపడకు. ఏ ఊరు వస్తే ఆ ఊరు నాకు ఫోన్ చేసి చెప్తూ ఉండు. కవరు జాగ్రత్త."

పెట్టేశాడు.

"అమ్మా, పట్టుకోండి!" స్టీఫెన్ కేక.

లైట్లు వెలిగాయి. ఎదురుగా రోడ్డు మీద... ధాన్యం! సగం రోడ్డు పొడుగునా ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంది. రాశుల మీద నీలం పట్టాలు.

స్టీరింగ్ తిప్పేశాడు. రెండు చక్రాలు మార్జిన్ బురదలోకి దిగాయి. పక్కన కాలవ. కారు ఒరిగింది... ఒరిగింది...

నిలదొక్కుకుంది!

ఒక్క గింజ కూడా నలగలేదు.

వెనకొచ్చే బొలెరో అలా చూసుకోలేదు. రాళ్ళ మీంచి, పట్టాల మీంచి, ధాన్యం మీంచి నేరుగా వచ్చేసింది.

"ఎవడ్రా అది! కళ్ళు దొబ్బాయా!"

చీకట్లోంచి టార్చిలైట్లు. మనుషులు. దుడ్డుకర్రలు. ఎవరో ట్రాక్టరుని రోడ్డుకి అడ్డంగా తిప్పేశారు.

స్టీఫెన్ అద్దంలో చూసి తలాడించాడు.

"నందివాడ రైతులమ్మా. మనిషిని తొక్కితే కేసు పెడతారు. ధాన్యం తొక్కితే అక్కడే తేల్చేస్తారు."

ఈసారి ఆమె పెదవి కాస్త కదిలింది.

*

గుడివాడ దాటారు. గుడ్లవల్లేరు రోడ్డు. వెనక ఏ లైటూ లేదు. దారి మధ్యలో గంగాధరానికి ఫోన్ చేసి చెప్పింది.

స్టీఫెన్ కారు కొంచెం నెమ్మది చేశాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మెడలో సన్న సిలువ. ఎయిర్‌పోర్టులో "లాయరమ్మ పంపారండీ" అన్నాడు. తర్వాత ఏమడిగినా ఒక ముక్కే.

ఆమెకే మాట్లాడాలనిపించింది. నిశ్శబ్దంగా ఉంటే అయ్యప్ప వస్తాడు. నాలుగేళ్ళుగా అంతే.

"నన్నేమంటారో తెలుసా అన్నా? దెయ్యాన్ని చూసిన సాక్షినంట. స్టేషన్లో పడీ పడీ నవ్వారు."

"విన్నానమ్మా."

నాలుగేళ్ళ కిందట... గణపతి బోటు సముద్రంలో తగలబడింది. బీమా డబ్బుకి గణపతే కాల్పించాడని ఊళ్ళో గుసగుస. ముగ్గురు పోయారు. రెండు శవాలు దొరికాయి. అయ్యప్ప దొరకలేదు. పది రోజులు ఒడ్డున చూశారు. పదకొండో రోజు వాళ్ళ కులాచారం ప్రకారం గడ్డితో మనిషిని చేశారు. అయ్యప్ప చొక్కా తొడిగారు. పాడె మీద మోసుకెళ్ళి కాల్చేశారు.

గడ్డిబొమ్మ కాలాక ఇక ఆ మనిషి లేనట్టే. ఆ గొంతుతో ఎవరు పిలిచినా పలకకూడదు. తలుపు తియ్యకూడదు.

పన్నెండో రోజు పొద్దుగూకాక వాన. గుమ్మంలో పిలుపు.

"అక్కా..."

ఆమె లేచింది. గంగాధరం ఆమె నోరు మూశాడు. "పలక్కు! నిన్ననేగా కాల్చాం! వాడు కాదు!"

"అక్కా, నేనే... తలుపు తియ్యి."

ఆమె "దెయ్యం! దెయ్యం!" అని అరిచింది. వీధంతా విన్నది ఆ అరుపు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

తలుపు కింది సందులోంచి ప్లాస్టిక్ కవరొకటి లోపలికి వచ్చింది.

తెల్లారి చూస్తే గుమ్మంలో బురద పాదాలు. దెయ్యానికి పాదాలుంటాయా? ఆ మాట అడిగే ధైర్యం లేకపోయింది. కవరు పారెయ్యడానికీ భయమే. ట్రంకుపెట్టె అడుగున తోసేసింది. మొన్న దసరాకి పెట్టె సర్దుతుంటే పక్కింటి పిల్ల ఆ చీటీ చదివింది.

అయ్యప్ప. కాలిన గాయాలకి కట్టు. డేటు... పన్నెండో రోజు!

వేరే బోటు వాళ్ళు ఎత్తుకొచ్చి ఊరుగాని ఊళ్ళో బతికించారు. వాడు ఇంటికొచ్చాడు. బతికే వచ్చాడు! బోటు ఎలా కాలిందో చూసినవాడు ఆ రాత్రే మాయమయ్యాడు.

"నేను తలుపు తియ్యలేదన్నా," అంది. "నా తమ్ముడు అక్కా అని పిలుస్తుంటే..."

"మూడోసారికి గొంతు పోయిందమ్మా," అన్నాడు స్టీఫెన్ మెల్లగా. "పిలవలేక గోళ్ళతో తలుపు గీరాడు."



గోళ్ళ చప్పుడు!

ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. లాయరమ్మకి చెప్పలేదు. పోలీసులకి చెప్పలేదు. ఆ రాత్రి తర్వాత నిద్రలో తప్ప ఇంకెక్కడా వినలేదు.

చెయ్యి డోర్ హ్యాండిల్ మీదికి వెళ్ళింది. లాగింది.

లాక్!

"ఎవడివి నువ్వు?"

అతను అద్దంలో ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఎవడివి! ఆ రాత్రి ఎత్తుకెళ్ళింది నువ్వేనా! బండాపు!"

"అరవకండమ్మా. అప్పుడు నాది ఆటో. అవనిగడ్డ ఆసుపత్రి నుంచి మీ గుమ్మం దాకా మీ తమ్ముణ్ణి తెచ్చింది నేనే." అద్దంలోంచి చూపు తిప్పేశాడు. "దారంతా ఒకటే మాట. 'ఈ కట్లు చూస్తే అక్క ఏడుస్తుందన్నా... ముందు నువ్వెళ్ళి చెప్పు' అని. నేనే నవ్వి, 'నువ్వే వెళ్ళవయ్యా, సంతోషిస్తుంది' అన్నాను."

ఆమె చేయి హ్యాండిల్ మీదే ఉండిపోయింది.

"నాలుగేళ్ళు భయపడి నోరు మూసుకున్నా. ప్రార్థనలో కళ్ళు మూస్తే చాలు, ఆ గీరిన చప్పుడే. పోయిన నెల లాయరమ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. రేపు రెండో సాక్షిని నేను. దారిలో ఏం మాట్లాడొద్దంది... ఆగలేకపోయాను."

"తర్వాతేమైంది? చెప్పన్నా!"

"మీ ఇంటి దొడ్డి తలుపు తెరుచుకుందమ్మా."

"దొడ్డి తలుపా?"

"ఒకాయన బయటికొచ్చాడు. మీ తమ్ముడు నవ్వాడు. 'బావా, నువ్వైనా నమ్మావు' అన్నాడు. ఆయన భుజం మీద చెయ్యేసి కరకట్ట మీదికి నడిపించుకెళ్ళాడు. అక్కడ గణపతి జీపు ఆగి ఉంది. ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు." గేరు మార్చాడు. "ఈ ముక్క లాయరమ్మకి కూడా చెప్పలేదు. ఇంటి సంగతి... ముందు ఇంటావిడకే చెప్పాలనిపించింది."

ఇంట్లో ఉన్నది ఇద్దరే. తనూ, గంగాధరమూ.

"దొడ్డి గడియ కూడా వేసొస్తా" అన్నాడు ఆ రాత్రి. ఒక గడియ వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? తడిసి వచ్చాడు. మోకాళ్ళ దాకా బురద. నెల తిరక్కుండా గుజరాత్‌లో వేరావల్ రేవున సరంగు పని. బోటు నడిపే పెద్ద పని. ఇప్పించింది గణపతి. "పాపం, మంచోడే" అనుకుంది తను!

అద్దంలో వెలుగు.

రెండు లైట్లు! తెల్లగా!

"మళ్ళీ వాళ్ళే! రైతుల్ని వదిలించుకుని వచ్చేశారు!" స్టీఫెన్ స్టీరింగ్ మీద గుద్దాడు. "గుడివాడ నుంచి ఎన్ని రోడ్లున్నాయి! ఇదే ఎక్కామని వాళ్ళకెలా తెలుసు?"

ఆమెకి తెలుసు.

తనే చెప్పింది.

*

ధాన్యం మిల్లు. గేటు తీసే ఉంది. స్టీఫెన్ లోపలికి తిప్పి, ఊక గుట్ట వెనక ఇంజిన్ ఆపేశాడు.

బొలెరో గేటు ముందు నుంచి దూసుకుపోయింది. నూరు గజాలు పోయి ఆగింది. దారి తప్పిన కుక్కలా అక్కడే నిలబడింది.

వీరలక్ష్మి ఫోన్ తీసింది.

"మావా... ఆ రోడ్డులో కాదు. వెనక్కి తిరిగి పామర్రు వచ్చాం. గూడూరు మీదుగా వచ్చేస్తాం."

"గూడూరా? మంచిది. మంచి పని చేశావు!"

పెట్టేశాడు.

ఒకటి... రెండు... మూడు... స్టీఫెన్ లెక్కపెడుతున్నాడు.

ఇరవై దాటలేదు. బొలెరో గిర్రున తిరిగింది. గుడివాడ వైపు, పామర్రు దారి కోసం, వచ్చిన దాన్నే పరుగు!

స్టీఫెన్ సిలువ పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఆమె ఏడవలేదు. సూట్‌కేసు తెరిచింది. కవరు తీసి జాకెట్టులో దోపుకుంది. సూట్‌కేసు మూసింది.

"లాయరమ్మకి నీ ఫోన్లోంచి కలుపన్నా."

*

తొమ్మిది కావడానికి అయిదు నిమిషాలు. కౌతవరం, పెడన దాటి బందరు.

హోటల్ మెట్ల మీద గంగాధరం. ఉతికిన తెల్ల చొక్కా. చంకల్లో చెమట.

"ఇంత తొందరగానా! గూడూరు మీదుగా..." మాట మింగాడు. "సరే, సరే. చల్లగా వచ్చావు. ముందు పైకెళ్ళి మొహం కడుక్కో."

"నువ్వూ రా మావా."

"టిఫిను చెప్పొస్తానే. నువ్వెళ్ళు. తాళం అక్కర్లేదు. తలుపు దగ్గరికి వేసే ఉంది, తోస్తే చాలు."

"లిఫ్టు నాకు కొత్త."

"ప్లేనెక్కొచ్చినదానివి, లిఫ్టుకి భయమేంటే! మూడు నొక్కు. అంతే. సూట్‌కేసు చేతిలోనే పట్టుకెళ్ళు. ఎవరికీ ఇవ్వకు."

నవ్వుతున్నాడు. కళ్ళు మాత్రం సూట్‌కేసు మీదే.

పార్కింగ్‌లో ఆ బొలెరోవాడి కళ్ళలాగే!

రిసెప్షన్ సోఫాలో ఇద్దరు మగాళ్ళు పేపరు మడిచారు. వాళ్ళ పక్కనే లాయర్ ప్రసన్నలక్ష్మి లేచి నిలబడింది.

గుమ్మంలోంచి స్టీఫెన్ లోపలికి వచ్చాడు. గంగాధరాన్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"ఈయనేనమ్మా."

వీరలక్ష్మి మొగుడి మొహంలోకి చూసింది.

"మావా... దొడ్డి గడియ వెయ్యడానికి అంతసేపెందుకు పట్టింది?"

గంగాధరం నవ్వు అలాగే ఉంది. రంగు మాత్రం దిగిపోయింది.

"ఏ గడియ..."

"అయ్యప్ప నిన్ను చూసి నవ్వాడంటగా."

ఒక్క క్షణం.

సూట్‌కేసు లాక్కున్నాడు! ఆమెని తోసేశాడు! లిఫ్టులోకి దూకి మీట నొక్కాడు!

"పట్టుకోండి!"

పేపరు మడిచినవాళ్ళలో ఒకడు ఎస్సై. తుపాకి తీసి మెట్ల మీదికి పరుగెత్తాడు. రెండోవాడు వెనకే.

లిఫ్టు తలుపు మీద నంబర్లు. ఒకటి...

"కవరు! సూట్‌కేసులో కవరుందిగా!" ప్రసన్నలక్ష్మి అరిచింది.

రెండు...

"లేదండీ."

మూడు.

పైన పరుగు. తలుపు తోసిన చప్పుడు. గంగాధరం కేక మెట్ల సందులోంచి కిందదాకా వచ్చింది.

"ఒరేయ్, నేను! నేనురా, గంగా..."

ఢాం!

తర్వాత పెనుగులాట. బూటు చప్పుళ్ళు. ఎస్సై తిట్లు. ఎవరిదో తెలియని గొంతు, ఏడుపులాగా...

"సూట్‌కేసుతో వచ్చే మనిషినే కాల్చమన్నారండీ! లైటు తీసేసి ఉండమన్నారు! చీకట్లో ఎవరో నాకేం తెలుసు!"

స్టీఫెన్ సిలువని కళ్ళకద్దుకున్నాడు.

వీరలక్ష్మి మెట్ల వైపు చూడలేదు. జాకెట్టులోంచి కవరు తీసింది. చెమటకి తడిసింది. పైట చెంగుతో రెండు వైపులా తుడిచి లాయరమ్మ చేతిలో పెట్టింది.

"రేపు పదిన్నరకేగా అండీ?"



"ఈ రాత్రికి ఇంకో రూము ఇప్పించండి."