నడిగడ్డ గోడ మీద నా ఫొటో

నేను చచ్చిపోయానన్న సంగతి నాకు నడిగడ్డ మ్యూజియంలో తెలిసింది.

చేతిలో స్పానర్ పట్టుకుని గుమ్మం దాటానో లేదో, ఎదురుగా గోడ మీద నేనే ఉన్నాను. ఫ్రేము కట్టిన ఫొటో. దానికి బంతిపూల దండ. కింద దీపం, అగరొత్తులు. తడిసిన ఎర్ర చొక్కా, తలకు చుట్టిన తువ్వాల, చేతిలో తెడ్డు. చొక్కా భుజం దగ్గరి చిరుగు కూడా నాదే. కింద అట్ట మీద తెలుగులోనూ మరాఠీలోనూ రాసి పెట్టారు: "ఫైజ్. పెద్ద వరదలో అంకిస జనాన్ని కాపాడి ప్రాణమిచ్చిన సిరోంచ బిడ్డ."

స్పానర్ జారి కాలి మీద పడింది. నొప్పి తెలిసింది కాబట్టి బతికే ఉన్నానని ఒక రుజువైతే దొరికింది.

"చెప్పులు ఇడువున్రి."

వెనక్కి తిరిగాను. ఆకుపచ్చ దుపట్టా, భుజం మీద మైకు వైరు చుట్ట, ముక్కు మీద కోపం. ఆ కోపంలో కూడా ఆమె ఎంత బాగుందంటే, చచ్చిపోయిన సంగతి ఒక్క నిమిషం మర్చిపోయాను.

"జర చెప్పులు ఇడువున్రి భయ్యా. ఎవరి ముందట నిలబడ్డరో కనపడ్తలేదా?"

మొదటి మాటల్లోనే భయ్యా అనేసింది. నా అదృష్టం ఎప్పుడూ ఇంతే.

వరద తగ్గాక నేను మంచిర్యాలలో మోటర్ వైండింగ్ పనికి పోయాను. మొన్ననే తిరిగొచ్చి, మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో సొంత షాపు తెరిచాను. నడిగడ్డ అంటే అంకిస దగ్గర గోదావరి నడుమ ఉన్న చిన్న లంక. దాని మీద ఎప్పటిదో రెండు గదుల బంగళా. చుట్టుపక్కల జనం ఇళ్ళలోని పాత వలలు, తెడ్లు, వడ్లు కొలిచే మానికలు తెచ్చిపెట్టి దాన్ని మ్యూజియం చేసుకున్నారని విన్నాను. అక్కడ నీళ్ళు తోడే మోటర్ పాడైందని ఫోనొస్తే, దాదా నన్ను పంపాడు. దాదా అంటే మా నాన్న తండ్రి చాంద్ పాషా. ఒకప్పుడు ఈ రేవుల్లో నావ నడిపిన మనిషి. ఇప్పుడు ఇంట్లో మేమిద్దరమే.

ఈమె పేరు సుహానా. అహేరి అమ్మాయి. మ్యూజియం బాధ్యతంతా ఆమెదే. నన్ను పోల్చుకోలేదంటే తప్పు ఆమెది కాదు. మంచిర్యాల బిర్యానీ నన్ను రెండింతలు చేసింది, గడ్డం కూడా పోయింది. పొద్దున రేవు దాటించిన కిష్టన్న ఆ వరద రోజు నా నావలో కూర్చున్నవాడే. అతనే "కొత్తోనివా?" అని అడిగాడు.

చెప్పులు విడిచాను. ఆమె కాస్త మెత్తబడింది.

"సిరోంచ మనిషై ఉండి ఈయన తెల్వదా మీకు?"

"కొద్దిగ తెలుసు."

"అందరిని ఒడ్డుకు చేర్చిండు. చీకటి పడ్తున్నది. గంగక్క తన మేక ఉండిపోయిందని ఏడ్సింది. ఆ ఒక్క మేక కోసం మళ్ళ వెనక్కి తిరిగిండు. ఇగ రాలే."

ఆ మేక నాకు బాగా గుర్తుంది. నావ ఎక్కించబోతే కడుపులో పొడిచింది. దాని కోసం ప్రాణమిచ్చేంత స్నేహం మా మధ్య లేదు.

"మేక కోసమా?"

"నవ్వుతున్నరా మీరు?"

"లే. పరేషాన్ అయిన."

నేనే ఫైజ్‌నని చెప్పేద్దామని నోరు తెరిచాను. ఆమె ఫొటో వంకే చూస్తూ మాట్లాడుతోంది.

"మొదట్ల ఇక్కడికి ఎవ్వరు రాకపోయేది. ఊరి ముచ్చట అని నెలకొకసారి ప్రోగ్రాం పెడ్తే నేను, గంగక్క, రెండు కుక్కలు. ఈ ఫొటో పెట్టినంక జనం వచ్చుడు షురువైంది. ఏడ్సుకుంట ఒకరు వల తెచ్చిచ్చిన్రు, ఒకరు తెడ్డు తెచ్చిచ్చిన్రు. ఈ గదిల ఉన్నయన్నీ ఆయన పేరు మీద వచ్చినయే. ఇయ్యాల గడ్చిరోలి జిల్లా ఆఫీసు నుంచి మేడమ్ వస్తున్రు. ఆమెకు మంచిగ అనిపిస్తే స్కూలు పిల్లలు ఇక్కడికి వస్తరు, బంగళా మాకే ఉంటది. లేకుంటే సామాన్లన్నీ డబ్బాల్ల గడ్చిరోలికి, తలుపుకు తాళం."

"మేడమ్‌కు ఏం చెప్తరు?"

"ఈయన కథనే."

తెరిచిన నోరు మూసుకున్నాను. నేను బతికి ఉన్నానంటే ఈమె మ్యూజియం చస్తుంది.

వరండాలో మోటర్ విప్పుకుని కూర్చున్నాను. మృగశిర మొదటి వాన మొదలైంది. గోదావరి మీద చినుకులు పడుతుంటే అవతలి ఒడ్డు మసకబారింది. ఈ వానలు ముదిరితే నావలు బంద్. దసరా దాకా నడిగడ్డకు ఎవరూ రారు. వానలకు ముందు ఇవాళ్టిదే ఆఖరి ప్రోగ్రాం.

ఆమె నా వెనకాలే నిలబడి ఫోన్లో వాళ్ళ అమ్మతో గొడవ పడుతోంది. ఫోన్ పెట్టేసి నన్ను చూసింది.

"వింటున్నరా?"

"మోటర్ చప్పుడుకు ఏం వినపడలే."

"మోటర్ ఇంకా స్టార్ట్ కాలే కద."

అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకు నా చేతిలోని నట్టు ఎటు పోయిందో ఇప్పటికీ తెలీదు. లోపలికి వెళ్ళి చాయ్ తెచ్చింది.

"భయ్యా, చాయ్."

"భయ్యా అనకున్రి."

"మరేమనాలె?"

పేరు చెప్పలేని బతుకైపోయింది. "మెకానిక్ అనున్రి."

"మెకానిక్ భయ్యా, చల్లారిపోతది, తాగున్రి."

తాగాను. ఉండబట్టలేక అడిగాను. "అమ్మీ ఏమంటున్నది?"

"సంబంధం తెచ్చింది. వద్దన్న. ఎట్లాంటోడు కావాలె నీకు అని అడిగింది. ఒక్క మేక కోసం వెనక్కి తిరిగేటోడు అని చెప్పిన."

చాయ్ గొంతులో అడ్డం పడింది. ఆమె తమాషాకు అనలేదు. చూపు గదిలోని గోడ వైపే ఉంది.

"ఆయన బతికుంటే గురక పెట్టేటోడేమో," అన్నాను.

"పెట్టడు."

"మీకెట్ల తెలుసు?"

"మొఖం చూస్తే తెలుస్తది."

నేను గురక పెడతాను. దాదా రోజూ తిడతాడు.

"అన్నం ఎక్కువ తిని లావు కూడ అయ్యేటోడు."

"మీకెందుకు అంత కుళ్ళు?" అని గ్లాసు లాక్కుని వెళ్ళిపోయింది.

నిజంగా కుళ్ళే. ఇంకెవడైనా అడ్డొస్తే పోట్లాడవచ్చు. దండ వేసుకున్నవాడితో, అందులోనూ నాతోనే, నేనేం పోట్లాడను?

మధ్యాహ్నానికి గది నిండా జనం. గడ్చిరోలి మేడమ్ తడిసిన గొడుగు గోడకానించి ముందు కూర్చుంది. మరాఠీ మనిషే గానీ తెలుగు తెలుసు. మైకు గంగక్క చేతిలో ఉంది. అంకిస మనిషి, మ్యూజియం ఊడ్చి రోజూ దీపం పెట్టేది ఆమే. నేను వెనక గోడకు ఆనుకుని కూర్చుని నా చావు కథ విన్నాను.

ఈసారి కథలో మొసలి కూడా వచ్చింది. నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కున్నాను. ఇంతలో గంగక్క నా ఫొటో వైపు తిరిగింది.

"నా మేక కోసం పోయిండు బిడ్డ," అంది. "నేను ఏడ్వకపోతే పోకపోయేటోడు. నేనే సంపుకున్న ఆ పోరడ్ని."

నా నవ్వు చచ్చింది. ఇన్నేళ్ళుగా ఈ పెద్దామె ఈ పాపం మోస్తోందా? లేచి చెప్పాలని ఉంది. ముందు వరుసలో సుహానా ఫోన్లో రికార్డు చేస్తూ కళ్ళు తుడుచుకుంటోంది. ఆమెను చూసి మళ్ళీ కూర్చుండిపోయాను. సిగ్గేసింది, అయినా కూర్చున్నాను.

అప్పుడే కిష్టన్న వెనకాల దాదా లోపలికి వచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా. పొద్దున పోయినవాణ్ణి తిన్నానో లేదోనని ఆ వానలో రేవు దాటి వచ్చాడు. గొడుగు మూసి తలెత్తాడు. ఎదురుగా ఫొటో.

డబ్బా చేతిలోంచి జారి అన్నం నేల పాలైంది. దాదా అరవలేదు. జనం మధ్య నుంచి నడుచుకుంటూ పోయి ఫొటో అద్దం మీద చెయ్యి పెట్టాడు. దీపం చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ కన్నీళ్ళు చూశాడు.

"ఎప్పుడు?" అని అడిగాడు. "పొద్దుగాల నా చేతి చాయ్ తాగి వచ్చిండు కద. ఎప్పుడైంది? కరెంటు కొట్టిందా?"

ఇంకో క్షణం ఆగితే నేను మనిషిని కాను.

"దాదా, నేను ఈడ్నే ఉన్న."

దాదా తిరిగి చూసి, నా చెంప మీద ఒక్కటి కొట్టి, నా భుజం మీద పడి ఏడ్చాడు. గంగక్క చేతిలో మైకు కిందపడి కీచుమంది. కిష్టన్న గుమ్మం దాకా వెనక్కి నడిచి నా కాళ్ళు చూశాడు.

"పాదాలు ముందటికే ఉన్నయి," అన్నాడు అందరికీ. "దయ్యం కాదు."

"ఫైజ్‌వా నువ్వు?" గంగక్క నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "మరి చచ్చిపోయినవ్ కద."

"నీకెవరు చెప్పిన్రు గంగక్క?" అని అడిగింది సుహానా. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు ఫొటో ఫ్రేము కట్టి గోడకు పెట్టినవ్ కద బిడ్డ. పోయినోళ్ళకే కద గట్ల పెడ్తరు. అందుకే దండేసిన."

"నేను వరద ఫొటో అని పెట్టిన. ఊరోళ్ళ ఫోన్ల ఉంటే తీసుకున్న. మరునాడు చూస్తే నువ్వు దండేసినవ్. ఆ ఊరిదానివి, నీకు తెలిసే ఉంటదనుకున్న. మా మతంల ఫొటోలకు దండ ఉండది, అయినా తియ్యమనలేకపోయిన. ప్రాణమిచ్చిండని రాసిన."

ఒకామె ఫొటో పెట్టింది, ఒకామె దండ వేసింది, ఊరంతా కలిసి నన్ను చంపింది.

మేడమ్ లేచింది. "ఇక్కడ ఇంకా ఎన్ని అబద్ధాలు రాసి పెట్టారు?"

సుహానా గోడ దగ్గరికి పోయి నా పేరు రాసిన అట్ట తీసేసింది. "సిరోంచ పోయి వాళ్ళింట్ల అడగాల్సి ఉండె మేడమ్. చావు ఇంటికి పోయి ఎట్ల అడగాలె అని జంకిన. తప్పు నాది. వీళ్ళు తెచ్చిచ్చిన సామాన్లు మాత్రం నిజమే."

మేడమ్ గొడుగు అందుకుంది. కిష్టన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగున్రి మేడమ్. ఈ పోరడు నావ తెచ్చింది నిజం. నేను అండ్ల కూసున్న. ముందట తెడ్డేసింది నేనే."

"నువ్వేడ ఏసినవ్?" అంది అంకిస సోనుబాయి. "నువ్వు కండ్లు మూసుకుని కూసున్నవ్. నావల నీళ్ళు తోడింది నేను."

"ఇత్తనాల సంచి పడేస్తెనే నిన్ను ఎక్కిస్తమన్నరు," అని సోనుబాయిని వెనక నుంచి ఇంకొకరు. "పడేసినవా? లే."

"మరి మేక కోసం పోలేదా నువ్వు?" అని గంగక్క నన్ను పట్టుకుంది.

"పోలేదక్కా. చీకటి పడ్డదని ఇంటికి పోయిన. దాదా తిడ్తడని భయమైంది."

"తిట్టిన," అన్నాడు దాదా. "నావకు చిల్లు చేసుకొచ్చిండు."

"మరి నా మేక?"

సోనుబాయి పైట సర్దుకుంది. "ఎట్ల బతికిందో, నీళ్ళు తగ్గినంక ఒక మేక మా దొడ్లకొచ్చింది. నీదని నాకేం తెలుసు. జాతరకు కోసుకున్నం."

నేను బతికున్నానని తెలిసినప్పుడు కూడా గది అంతగా నివ్వెరపోలేదు. గంగక్క నోరు తెరుచుకుని అలాగే నిలబడింది. ఆ తర్వాత పుట్టిన లొల్లిలో వాన చప్పుడు కూడా వినపడలేదు.

మేడమ్ గొడుగు మళ్ళీ గోడకానించి కూర్చుంది. "ఒక్కొక్కరు చెప్పండి. మొదటి నుంచి," అంది.

చెప్పారు. ఒకరిని ఒకరు దిద్దుకుంటూ, తిట్టుకుంటూ, వాన వెలిసేదాకా చెప్పారు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఏ ఇల్లు ముందు కూలిందో, ఎవరు ఎవరి పిల్లను ఎత్తుకున్నారో అంతా బయటికొచ్చింది. సుహానా ఒక్క మాట వదలకుండా రికార్డు చేసింది. నా వైపు మాత్రం చూడలేదు.

పోయేటప్పుడు మేడమ్ ఆమెతో అంది. "దసరా తర్వాత పిల్లలను పంపిస్తాను. తాళం వద్దు. వీళ్ళందరినీ పిలవండి, ఇట్లానే కొట్లాడాలి. రాసే ముందు మాత్రం అందరినీ అడగండి."

సుహానా తల ఊపింది. మళ్ళీ మళ్ళీ ఊపింది.

గంగక్క ఫొటో మీది దండ తీసి ఆమె చేతిలో పెట్టింది. "గోదాట్ల కలిపి రా బిడ్డ. బతికున్నోన్ని సచ్చిండంటే ఆయుస్సు పెరుగుతదంటరు. వీనికి నూరేండ్లు."

దాదా గొడుగు ఊతంగా పట్టుకుని లేచాడు. "నా మనుమడ్ని నువ్వే సంపినవ్ బిడ్డా. ఇగ సాకుడు కూడ నీదే."

ఆమె దుపట్టా మొహానికి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపు గబగబా నడిచింది. వెనకాలే నేను. దండ నీళ్ళలో వదిలింది. అది కాసేపు అక్కడే తిరిగి, ప్రవాహంలో పడి పోయింది.

"కోపం వచ్చిందా?" అన్నాను.

"రాదా మరి? పొద్దటి నుంచి నా ముందట మోటర్ విప్పుకుంట కూసున్నరు. అన్ని మాటలు చెప్పిచ్చుకున్నరు."

"చెప్తే మ్యూజియం పోతదంటిరి."

"మరి అందరి ముందట ఎందుకు చెప్పిన్రు?"

"దాదా ఎప్పుడు అని అడిగిండు కద. ఇంకెట్ల కూసోవాలె?"

ఆమె నది వైపు చూస్తూ నిలబడింది. నాకు దాచుకునే ఓపిక అయిపోయింది.

"మేక కోసం నేను వెనక్కి తిరగలే సుహానా. మీరనుకున్న మనిషిని కాను. కానీ పొద్దున చెప్పులు ఇడువమన్న కాడికెల్లి నాకు వేరే ధ్యాస లేదు. మీకు ఇష్టం లేదంటే ఇగ ఈ రేవు తొక్క."

"ఒకటి చెప్త. నవ్వద్దు."

"నవ్వ."

"రోజు పొద్దుగాల తాళం తియ్యంగనే ఆ ఫొటోకు సలాం చెప్పేదాన్ని. అమ్మీకి తెలిస్తే చంపుతది, ఫొటోకు ఎవరన్న చెప్తరా. జవాబు రాదని తెలుసు. అయినా చెప్పి, జరసేపు ఆగేదాన్ని."

నాకు నవ్వు రాలేదు. ఆమె నా వైపు తిరిగింది. ఆ రోజంతటిలో మొదటిసారి నన్ను సూటిగా చూసింది.

"అస్సలాము అలైకుమ్, ఫైజ్."

"వ అలైకుమ్ అస్సలామ్," అన్నాను.

మేడమ్ ముందు గట్టిగా నిలబడిన మనిషి, నా జవాబు విని ఏడ్చేసింది.