నేను వినని పేరు

దేశపెద్ద పోయి మూడో రోజు. మా ఊరు దెజ్‌ఫూల్‌లో కొట్లన్నీ మూసేసి నల్లగుడ్డలు కట్టారు. రేడియోలో మన స్టేషన్ ఏది పెట్టినా ఖురాన్ పఠనమే. మసీదు మైకులోనూ అదే. జూన్ నెల, మధ్యాహ్నం మూడున్నర. పడమట దుమ్ము లేచి ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. నా భార్య గోహర్ కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కుతోంది.

నేను రేడియోలు బాగుచేస్తాను, పనితనం తెలిసినవాడినని ఊళ్లో అందరూ ఉస్తా అని పిలుస్తారు. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఇంకో పని కూడా ఉంది. రోజూ నాలుగింటికి సరిహద్దు అవతలి స్టేషన్ షార్ట్‌వేవ్‌లో మన యుద్ధఖైదీల చేత మాట్లాడిస్తుంది. పేరు, తండ్రి పేరు, ఊరు, క్షేమమని ఒక ముక్క. అవి రాసుకుని వాళ్ల ఇళ్లకు కార్డులు వేస్తాను. ఆ స్టేషన్ వింటే పట్టుకెళ్తారు. అయినా మానలేదు. కాల్పులు ఆగి పది నెలలైంది, ఖైదీలు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.

వేసిన వేల కార్డుల్లో ఒక్కటి అబద్ధం.

పక్క సందులో ఉండే బీబీ తావూస్ కొడుకు మురాద్ సైన్యంలోకి వెళ్లి, యుద్ధం రెండో ఏట కనిపించకుండా పోయాడు. నాలుగేళ్ల కిందటి చలికాలంలో ఆమె రొట్టె ముట్టడం మానేసింది. చచ్చిపోతుందని భయపడి నేనే రాశాను. 'మురాద్, కరమ్ కొడుకు, దెజ్‌ఫూల్. అమ్మా, బాగున్నాను. స్వెట్టర్లు అల్లడం నేర్చుకున్నాను. నీ మోకాళ్లు జాగ్రత్త.' ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. కార్డు అందిన రోజే ఆమె తింది.

ఇప్పుడు సరిహద్దు మట్టిలో ఒక సైనికుడి ఎముకలు దొరికాయి. మురాద్‌వే అయి ఉంటాయని పెట్టె మసీదుకు వచ్చింది. మెడబిళ్ల మీద అంకెలు చెరిగిపోయాయి కాబట్టి తల్లి సంతకం చేస్తేనే పేరుతో పూడుస్తారు. లేకపోతే రేపు పొద్దున అనామకుల వరసలోకి. చొక్కాచేతికి వేసిన అతుకు తన కుట్టేనని బీబీ గుర్తుపట్టింది. అయినా సంతకం చేయదు. ఆ చొక్కా ఇంకెవరికో ఇచ్చి ఉంటాడట. కార్డు ఉందిగా.

"ఇవాళ చెప్పెయ్," అంది గోహర్. "ఆ పిల్లాడికి రాయి మీద పేరన్నా ఉండనివ్వు."

"ప్రోగ్రాం అయ్యాక చెప్తా."

"నాలుగేళ్లుగా ఇదే మాట నీది."

బీబీ దుమ్ముతో తెల్లబడిన చాదర్ ముసుగులో వచ్చి, మోకాళ్లు పట్టుకుని నా పక్కన కూలబడింది. నాలుగు కావస్తోంది, నేను రేడియో ముల్లు తిప్పుతున్నాను. గరగర తప్ప ఏమీ రాలేదు.

"ఏం ఉస్తా, దీనికీ సంతాపమేనా? గొంతు పెగలట్లేదు."

"మెల్లగా బీబీ, వీధిలో వింటారు."

"విని నన్ను పట్టుకెళ్తే వాళ్లకే నష్టం. రోజుకు పది గ్లాసుల టీ తాగుతాను."

అప్పుడే కరెంటు పోయింది. మసీదు మైకు ఖురాన్ ఆయత్ మధ్యలో ఆగిపోయింది. మూడు రోజులుగా ఊరంతా నిండి ఉన్న పఠనం ఒక్కసారిగా లేకుండా పోయేసరికి చెవుల్లో బరువుగా అనిపించింది. గదిలో తడిమట్టి వాసన. బ్యాటరీల మీద నడిచే నా రేడియో ఒక్కటే పనిచేస్తోంది. కానీ గరగర లేదు. ఇన్నేళ్లలో ఆ స్టేషన్ గరగర లేకుండా ఎప్పుడూ వినలేదు.

"మురాద్... కరమ్ కొడుకు... దెజ్‌ఫూల్."

అలవాటు కొద్దీ నా పెన్సిల్ కదిలింది.

ఖైదీలు గబగబా మాట్లాడతారు. మాట మధ్యలో ఆపేస్తారని భయం. ఇతను డిక్టేషన్ చెప్పేవాడిలా చెబుతున్నాడు. నేను రాయడం ఆపాను. అతనూ ఆగాడు. పెన్సిల్ పైకెత్తి ఉంచాను... ఏమీ లేదు. ఊపిరి కూడా వినిపించలేదు. మొన కాగితానికి ఆనించాను.

"అమ్మా... బాగున్నాను."

తర్వాత స్వెట్టర్లు. తర్వాత మోకాళ్లు. అన్నీ నా మాటలే. నేను రాసిన వరసలోనే. కార్డులో ఉన్నది అయిపోయింది. గొంతు ఆగింది. కానీ పోలేదు. అక్కడే ఉంది.

"ఉస్తా... ఆ తర్వాత?"

గోహర్ చేతిలోని తడిగుడ్డ జారి నేల మీద పడింది.

బీబీ మొహం తుడుచుకుని నా మోచేతి మీద తట్టింది. "నిన్నే అడుగుతున్నాడు. చెప్పు."

"బీబీ... ఆ కార్డు నేను విని రాసింది కాదు. కల్పించాను. పెట్టెలో ఉన్నది నీ కొడుకే. వెళ్లి సంతకం చెయ్యి."

ఆమె నా వైపు తిరిగింది. కోపం లేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెల్లగా అంది.

"అప్పుడు వినలేదులే నాయనా. ఇప్పుడు విన్నావుగా."

కరెంటు వచ్చింది. మైకులో పఠనం మొదలైంది. రేడియోలో మళ్లీ గరగర.

మర్నాడు పెట్టెను పేరులేని వరసలో పూడ్చారు. బీబీ చూడటానికి కూడా రాలేదు. రోజూ నాలుగింటికి మా ఇంటికి వచ్చేది. ఆ గొంతు మళ్లీ రాలేదు.

మరుసటి ఏడు వేసవి చివర ఖైదీలను వదిలిపెట్టారు. వాళ్లలో అల్లాయార్ అనే టైలరు ఒకడు. తన ఇంటికి కార్డు వేశానని నా చెయ్యి ముద్దుపెట్టుకోవడానికి వచ్చాడు. ఆ రోజు బీబీ ఇంకా రాలేదు. టీ చల్లారిపోతున్నా అతను లేవలేదు.

"ఉస్తా, నీకు పేర్లన్నీ తెలుసు కదా. మురాద్, కరమ్ కొడుకు, మనూరే. ఎవరింటివాడు?"

"నీకెలా తెలుసు?"

"మా గదిలో నలభై రెండు మందిమి. రోజూ లెక్కపెట్టేవాళ్లు. ఆఖరివాడు పలికాక మూలనుంచి ఇంకో గొంతు ఆ పేరు చెప్పేది. అక్కడ మనిషి ఉండడు. మేమే వేళాకోళం ఆడుతున్నామని అందర్నీ కొట్టేవాళ్లు."

"ఎప్పట్నుంచి?"

చెప్పాడు. నేను ఆ కార్డు వేసిన చలికాలమే.

"చివరిరోజు పేర్లు పిలిచి నలభై రెండు మందిని బస్సెక్కించారు. ఖాళీ గదికి తాళం వేశారు." అల్లాయార్ గొంతు తగ్గించాడు. "బస్సు కదులుతుంటే ఆ గది లోపల్నుంచి ఎవరో తలుపు కొట్టారు ఉస్తా. గేటు దాటేదాకా కొడుతూనే ఉన్నారు. డ్రైవరు ఆపలేదు... మేమూ ఆపమనలేదు."