మజ్జిగ కుండ ఉన్న క్లాసు

రాజుపాలెం మిషన్ బడికి హెడ్మాస్టరు రాజరత్నం. బడిలో ఉన్నదే ఇద్దరు పంతుళ్ళు కాబట్టి అదేమంత గొప్ప హోదా కాదు. ఆ మాట అతనితో అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు. ఇరవై ఆరేళ్ళకే కళ్ళెర్రజేయడం, బెత్తం ఊపడం బాగా వంటబట్టాయి.

అతని గర్వమంతా ఒక్కటే. తను పాఠం మొదలుపెడితే చాలు, పిల్లల కళ్ళ వెంట నీళ్ళు కారేవి. భయభక్తులంటే ఇవీ అనుకుని మీసం సర్దుకునేవాడు.

తడిక అవతలది సుగుణమణి క్లాసు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది గుంటూరులో ట్రైనింగు పూర్తిచేసి కొత్తగా వచ్చింది. ఆమె క్లాసులో పిల్లలు నవ్వేవాళ్ళు. బడిలో నవ్వులేమిటని ఓ రోజు రాజరత్నం తడిక దాటి వెళ్ళాడు. గోడవార మజ్జిగ కుండ, అందులో వరసగా చేతులు ముంచుతున్న పిల్లలు కనిపించారు.

"ఏందండీ ఇది? బడా, హోటలా?"

"హోటల్లో కుండలో చేతులు పెట్టనిస్తారా మాస్టారూ?"

నవ్వితే ఆమె బుగ్గ సొట్టపడింది. అది చూడనట్టు నటించడానికి అతను కోపం రెట్టింపు చేసుకోవాల్సి వచ్చింది. ఆ ఊపులోనే సత్తెనపల్లి వెళ్ళి, క్లాసులో డిసిప్లిన్ లేదని మిషన్ మేనేజరుగారికి ఫిర్యాదు చేశాడు. సోమవారం స్వయంగా వచ్చి చూస్తానని, నిజమైతే ఆమెను మాచర్ల మారుస్తానని ఆయన అన్నారు.

రాజరత్నం జాగ్రఫీ చెప్పే మనిషే. అయినా మాచర్ల అంత దూరమని తిరుగు బస్సెక్కాకగానీ తోచలేదు.

సోమవారం పొద్దున సుగుణమణే తడిక దగ్గరికి వచ్చింది.

"మీ క్లాసుకీ ఓ కుండ పెట్టనా? మీ పిల్లలూ ఏడుస్తున్నారు."

"వాళ్ళు ఏడ్చేది నా పాఠానికి."

"కాదండీ. తెల్లారేసరికే మిరపకాయలు కోసొస్తారు. ఆ చేతులతోనే కళ్ళు నులుముకుంటారు. మజ్జిగలో ముంచితే మంట తగ్గుతుంది."

రాజరత్నం నమ్మలేదు. ముందు వరసలో కళ్ళు తుడుచుకుంటున్న జాన్‌బీని లేపాడు.

"ఎందుకే ఏడుపు? నేనంటే భయమేగా?"

"మీరంటే కాదండీ. చేతులు చానా మండుతున్నాయి."

ఆ పిల్ల చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. వేళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రాత బాగాలేదని శుక్రవారం ఆ చేతుల మీదే బెత్తంతో కొట్టాడు. నుదుటి చెమట తుడుచుకుంటూ, ఆ పిల్ల చేతులు పట్టుకున్న తన వేళ్ళతోనే కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

ఆ తర్వాత హెడ్మాస్టరుగారు పాఠం చెప్పలేదు. గెంతారు.

మేనేజరుగారు వచ్చేసరికి ఫిర్యాదు చేసిన పెద్దమనిషి సుగుణమణి క్లాసులో చతికిలబడి ఉన్నాడు. ఆమె అతని కళ్ళ మీద మజ్జిగలో తడిపిన గుడ్డ అద్దుతోంది. జాన్‌బీ అట్టముక్కతో విసురుతోంది. మిగతా పిల్లలు బుద్ధిగా పలకల మీద లెక్కలు చేసుకుంటున్నారు.

"ఏమయ్యా, ఈ క్లాసులో డిసిప్లిన్ లేదన్నావే?"

సుగుణమణి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నాదే తప్పండీ" అన్నాడు రాజరత్నం. "మాచర్ల మార్చాలంటే నన్ను మార్చండి. ఈవిడ లేకపోతే ఈ పిల్లల బాధ కనిపెట్టేవాళ్ళు ఉండరు."

మేనేజరుగారు పలకలన్నీ చూశారు. దాహమేసి మజ్జిగ కుండ వైపు చెయ్యి చాపితే పిల్లలంతా కలిసి ఆపారు.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. నీ క్లాసులోనూ ఓ కుండ పెట్టించు" అని వెళ్ళిపోయారు.

రాజరత్నం జాన్‌బీ చేతులు తనే కుండలో ముంచాడు. సాయంత్రం పిల్లలు వెళ్ళాక కూడా తడిక దగ్గరే నిలబడ్డాడు.

"నన్ను మాచర్ల పంపిద్దామనుకున్నారన్నమాట. దాని సంగతి తర్వాత తీరిగ్గా తేలుస్తాను" అంది సుగుణమణి. తర్వాత అతని మొహం పరీక్షగా చూసింది. "మంట ఎప్పుడో తగ్గుండాలే. ఇంకా కళ్ళనీళ్ళేంది?"

"ఇది మిరపకాయ కాదండీ. మీరు వెళ్ళిపోతారేమోనని పొద్దుటి నుంచీ భయం. మీరంటే నాకు ఇష్టం."

ఆమె చాలాసేపు గుడ్డ పిండుతూ ఉండిపోయింది, అందులో చుక్క తడి లేకపోయినా.

"ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి మా నాన్నగారితో మాట్లాడండి" అంది చివరికి. "బెత్తం మాత్రం తీసుకురాకండి. ఆయన పాఠాలు వినే వయసు దాటిపోయారు."